ఇంజను మీద చెయ్యి

మనవరాలు సైమాను నిద్రపోనివ్వకూడదు. ఉస్మాన్‌కు అప్పజెప్పిన పని అదొక్కటే. మాచర్ల బస్టాండులో బస్సెక్కిన దగ్గర్నుంచి ఆయన ఆ పని మీదే ఉన్నాడు.

పిల్లకు రెండేళ్లు దాటాయి. ముందురోజు బాగా పొద్దుపోయేదాకా కోడలు మహమూదా దాన్ని పడుకోనివ్వలేదు. తెల్లారకముందే మళ్లీ లేపింది. నరసరావుపేటలో చెవుల పరీక్షలు చేసే అపర్ణ మేడం చెప్పిన పద్ధతి అది. పరీక్ష జరిగినంతసేపూ పిల్ల కదలకుండా నిద్రపోవాలి. అంత నిద్ర పట్టాలంటే అక్కడికి చేరేసరికి అది నిద్రకు మొహంవాచి ఉండాలి. దారిలో ఒక్క కునుకు తీసినా అక్కడ పడుకోదు.

పోయినసారి అదే జరిగింది. ఉస్మాన్ కొడుకు ఫయాజ్ భార్యనూ బిడ్డనూ వెంటబెట్టుకుపోయాడు. పిడుగురాళ్ల దాటగానే పిల్ల తండ్రి భుజం మీద వాలిపోయింది. పాపం పడుకుందిలే అని అతను కదిలించలేదు. మహమూదా అప్పటికే కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. అక్కడికి పోయాక నిద్రమందు తాగించినా పిల్ల కళ్లు మూయలేదు. తలకు అంటించిన వైర్లు పీకేసింది. గదంతా తిరిగింది. సాయంత్రం దాకా చూసి ఇంకో రోజు రమ్మన్నారు. ఇప్పుడు ఫయాజ్ బండల లోడు వేసుకుని హైదరాబాదు పోయాడు. అందుకని ఉస్మాన్ వచ్చాడు.

అందుకొక్కటే కాదు. పరీక్ష చేసేవాళ్లకు ఒక సంగతి చెప్పి పోదామని కూడా వచ్చాడు. సైమాకు వినపడుతుంది. అది ఆయన కళ్లారా చూసిన విషయం.

రాళ్ల ఫ్యాక్టరీల దారిలో ఉస్మాన్‌కు ఒక షెడ్డు ఉంది. ట్రాక్టర్లూ, క్వారీల కంప్రెసర్లూ, డీజిల్ ఇంజన్లూ బాగుచేస్తాడు. నలభై ఏళ్లు ఆ చప్పుళ్ల మధ్య ఉండి ఆయన చెవులు సగం పోయాయి. ఎవరైనా ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడాలి. అయినా ఇంజనులో జబ్బు పట్టడానికి ఆయన చెవిని వాడడు. నడుస్తున్న ఇంజను మీద అరచెయ్యి వేసి కళ్లు మూసుకుని నిలబడతాడు. ఏ సిలిండరు సరిగా కొట్టడం లేదో, ఏ బేరింగు అరిగిందో చేతికి తెలుస్తుంది. గురజాల నుంచి కూడా ఆ చేతి కోసం బండ్లు వస్తాయి.

సైమా నడక వచ్చిన దగ్గర్నుంచి షెడ్డుకు వస్తోంది. ఇంజను స్టార్ట్ చేస్తే ఎక్కడున్నా తిరిగి చూసేది. నడిచి వచ్చి తాత పెట్టినట్టే దాని మీద చెయ్యి పెట్టేది. ఇంజను ఆపితే చెయ్యి తీసేది. ఇంట్లో ఫ్రిజ్జు మీద, కుట్టుమిషను బల్ల మీద, మిక్సీ తిరుగుతున్న గట్టు మీద చెయ్యి పెట్టుకుని నిలబడేది. నా చెయ్యి దీనికొచ్చిందని ఉస్మాన్ షెడ్డుకు వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. దుర్గి నుంచి ట్రాక్టరు తెచ్చే పుల్లారావు అయితే, "షెడ్డు దీని పేరున రాసెయ్యి మామా, ఫయాజ్‌కి లారీ చాల్లే," అనేవాడు.

కిందటేడు అంగన్‌వాడీకి పిల్లల్ని చూసే డాక్టర్లు వచ్చారు. వెనక నుంచి గంట కొడితే సైమా తిరగలేదు. పెద్ద పరీక్షకు తీసుకుపొమ్మని చెప్పి పోయారు. మహమూదా అంతకు ముందు నుంచే అంటోంది, పేరు పెట్టి పిలిస్తే పలకడం లేదని, కుక్కరు విజిలుకు ఉలిక్కిపడదని, అమ్మా అని కూడా ఒక్కసారీ అనలేదని. ఆ సాయంత్రం ఉస్మాన్ కోడల్నీ పిల్లనూ షెడ్డుకు పిలిపించాడు. పిల్లను అవతలివైపు తిప్పి బండల మీద కూర్చోబెట్టాడు. పుల్లారావును ట్రాక్టరు స్టార్ట్ చెయ్యమన్నాడు. పిల్ల తిరిగింది. ఆపించి, మళ్లీ అటు తిప్పి, మళ్లీ స్టార్ట్ చేయించాడు. మళ్లీ తిరిగింది.

"చూశావా," అన్నాడు కోడలితో. "ఆళ్ల గంట చప్పుడు చెయ్యలేదేమో కనుక్కో. మాటలంటావా, నీ మొగుడికి మూడేళ్లకొచ్చినయ్."

మహమూదా పిల్లను ఎత్తుకుని ఇంటికి పోయింది. ఏడాది గడిచింది. మాటలు రాలేదు. చివరికి మామగారిని అడగకుండా భర్తను వెంటబెట్టుకుని నరసరావుపేట బయల్దేరింది.

బస్సులో సైమా రెప్పలు బరువెక్కాయి. ఉస్మాన్ దాని చెవితమ్మె నలిపాడు. అరికాలు గీరాడు. కిటికీ అద్దం జరిపి మొహానికి గాలి తగిలేలా పట్టుకున్నాడు. పిల్ల ఏడవబోయి, ఆ ఓపిక కూడా లేక మానేసింది. రెంటచింతలలో ఒక ముసలామె ఎక్కి మహమూదా పక్కన కూర్చుంది. కోటప్పకొండలో మొక్కు ఉందని, తన పేరు నాగేంద్రమ్మ అని, కండక్టరుకు చెబుతున్నట్టు బస్సంతటికీ చెప్పింది. తర్వాత ఉస్మాన్ వైపు తిరిగింది.

"ఏందయ్యా, ఆ బిడ్డని అట్టా గిచ్చుతన్నావ్?"

"నిద్రపోకుండా అక్కా."

"నిద్రొస్తే పోనియ్యాల గానీ గిచ్చుతారా ఎవురన్నా?"

"పరీక్షుంది. అక్కడికి పోయినాక పడుకోవాల."

"పడుకునేదానికి పరీక్షేంది?" అంది నాగేంద్రమ్మ. "మా ఆయన బతికుంటే ఫస్టొచ్చేవోడు."

ముందు సీట్లోవాళ్లు నవ్వారు. మహమూదా కూడా నవ్వింది. ఆమె నవ్వి చాలా రోజులైందని ఉస్మాన్‌కు అప్పుడు తట్టింది.

"చెవుల పరీక్ష పెద్దమ్మా," అంది మహమూదా. "నిద్రలో ఉంటేనే తెలుస్తదంట. పోయినసారి బస్సులో పడుకుంది, అక్కడ పడుకోలా."

నాగేంద్రమ్మ పిల్ల మొహంలోకి చూసింది. "వినపడదా?"

"వినపడుద్ది," అన్నాడు ఉస్మాన్.

"తెలవదు," అంది మహమూదా.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. నాగేంద్రమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇక ఆ విషయం అడగలేదు. "ఇటియ్యి," అని పిల్లను ఒళ్లోకి లాక్కుంది. గాజులు తీసి దాని చేతికి తొడిగింది. సీసాలో నీళ్లతో మొహం తుడిచింది. సంచిలోంచి జంతిక ముక్క తీసి నోట్లో పెట్టింది. పిల్ల జంతిక నోట్లో పెట్టుకునే కళ్లు మూసింది. గురజాల వచ్చేసరికి ఆమె చేతులెత్తేసింది.

"నా వల్ల గాదు తల్లీ. నలుగుర్ని కన్నా. అందర్నీ పడుకోబెట్టటమే గానీ ఇట్టా లేపి కూర్చోబెట్టటం ఎప్పుడూ చెయ్యలా. ఏమయ్యా తమ్ముడా, నీ మనవరాల్ని నువ్వే గిచ్చుకో."

ఉస్మాన్ పిల్లను ఎత్తుకుని బస్సు ముందుకు పోయాడు. డ్రైవరు పక్కన ఇంజను మీద మూత ఉంది. దాని మీద తన తువ్వాలు మడతపెట్టి పరిచి, పిల్ల అరచెయ్యి దాని మీద పెట్టాడు. పిల్ల కళ్లు తెరిచింది.

"పెద్దాయనా, కాలుద్ది చూసుకో," అన్నాడు డ్రైవరు.

"మనకి తెలవని ఇంజనా," అన్నాడు ఉస్మాన్. "నీ బండికి రెండో ఇంజెక్టరు సరిగా లేదు. డిపోలో చెప్పు."

డ్రైవరు ఒకసారి తిరిగి చూసి మళ్లీ రోడ్డు చూసుకున్నాడు. సైమా రెండో చెయ్యి కూడా తువ్వాలు మీద పెట్టింది. గేరు మారినప్పుడల్లా తాత మొహంలోకి చూసింది. పిడుగురాళ్ల వచ్చింది, పోయింది. పిల్ల నిద్రపోలేదు. నరసరావుపేట దాకా ఉస్మాన్ అలాగే వంగి నిలబడ్డాడు. నడుము లాగుతోంది. అయినా వెనక్కి తిరిగి కోడలి వైపు చూశాడు, ఇప్పుడేమంటావన్నట్టు. మహమూదా కళ్లు తెరిచే ఉంది. ఆమె చూస్తున్నది ఇంజను మూత మీద ఉన్న పిల్ల చేతుల్ని.

బస్టాండులో దిగేటప్పుడు నాగేంద్రమ్మ గాజులు తీసుకోవడం మర్చిపోయింది. మహమూదా వెంటపడి ఇచ్చింది. "పేరేందన్నావ్? సైమా. సరే, కొండ మీద చెప్పుకుంటాలే," అని ఆమె పోయింది.

అపర్ణ నడిపే పరీక్షల కేంద్రం ఒక మందులషాపు పైన ఉంది. ఆమెకు ముప్పై అయిదు దాటి ఉండవు. పిల్ల మెలకువగా రావడం చూసి, "గెలిచారు," అంది మహమూదాతో. తర్వాత ఉస్మాన్‌ను కూర్చోమంది.

"నేనొక మాట చెప్పాలమ్మా," అన్నాడు ఉస్మాన్. షెడ్డు సంగతి, ట్రాక్టరు సంగతి, ఇప్పుడు బస్సులో జరిగింది, అన్నీ చెప్పాడు. అపర్ణ మధ్యలో అడ్డురాకుండా విన్నది. ఆయనకు వినపడేలా ఎదురుగా కూర్చుని, గొంతు పెంచి మాట్లాడింది.

"పోయినసారి చెవిలో చిన్న గొట్టం పెట్టి ఒక పరీక్ష చేశాం తాతగారూ. మనం శబ్దం పంపితే చెవి లోపలి భాగం తిరిగి చిన్న శబ్దం పంపిస్తుంది. సైమాకు రెండు చెవుల్లోనూ అది రాలేదు. కర్ణభేరి బాగానే ఉంది, చెవిలో చీమూ నీరూ లేవు. అందుకే ఈ పెద్ద పరీక్ష."

"మిషను ఎప్పుడు సర్వీసు చేయించారు?"

మహమూదా తల దించుకుంది. అపర్ణ ఏమీ అనుకోలేదు.

"ఏడాదికోసారి కంపెనీవాళ్లొచ్చి సరిచూసి పోతారు. రోజూ పొద్దున్నే నా చెవికి పెట్టుకుని చూసుకుంటా."

ఉస్మాన్ తల ఊపాడు. అలా చూసుకునేవాళ్లు తక్కువ.

"నిద్రమందు ఇచ్చేలోపు ఒక చిన్న పరీక్ష చేద్దాం," అంది అపర్ణ. "మీరే చెయ్యండి."

పక్కగదిలో గోడలకు మెత్తలు అంటించి ఉన్నాయి. కింద తివాచీ పరిచి ఉంది. మహమూదా పిల్లను ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. అపర్ణ వాళ్లకు ఎదురుగా కింద కూర్చుని ఒక బొమ్మను ఆడించడం మొదలుపెట్టింది. మహమూదా కుర్చీ వెనక, దాన్ని ఆనుకుని ఒక బల్ల ఉంది. బల్ల మీద చిన్న డ్రమ్ము, పుల్ల. ఉస్మాన్ వెళ్లి అక్కడ నిలబడ్డాడు. పిల్లకు ఆయన కనపడడు.

"కొట్టండి," అంది అపర్ణ.

ఉస్మాన్ కొట్టాడు. సైమా తల తిప్పి చూసింది.

"చూశారా అమ్మా," అన్నాడు.

"చూశాను. తిరిగింది. ఇప్పుడు డ్రమ్మును చేత్తో పైకెత్తి పట్టుకోండి. బల్లకీ కుర్చీకీ తగలకూడదు. ఈసారి కొట్టండి."

ఆయన డ్రమ్మును ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని కొట్టాడు. సైమా బొమ్మనే చూస్తోంది. ఇంకాస్త గట్టిగా కొట్టాడు. మహమూదా ఉలిక్కిపడింది. పిల్ల బొమ్మ కోసం చెయ్యి చాపింది. ఆయన ఒక అడుగు ముందుకు వేసి, దాని తల వెనక పెట్టి కొట్టాడు. గది బయట కూర్చున్నవాళ్లెవరో తలుపు సందులోంచి తొంగి చూశారు. సైమా బొమ్మ అందుకుని నోట్లో పెట్టుకుంది.

ఉస్మాన్ తర్వాత ఎవరూ చెప్పకుండానే డ్రమ్మును మళ్లీ బల్ల మీద పెట్టాడు. పుల్లతో మెల్లగా, వేలితో తట్టినంత మెల్లగా కొట్టాడు. పిల్ల తిరిగి చూసింది. మళ్లీ ఎత్తాడు, బలమంతా పెట్టి కొట్టాడు. తిరగలేదు. మళ్లీ బల్ల మీద పెట్టి తట్టాడు. తిరిగింది. ఇంజను దగ్గర ఆయన పని చేసే పద్ధతే అది. ఒక్కటి మారుస్తాడు, చూస్తాడు. మళ్లీ వెనక్కి పెడతాడు, చూస్తాడు. అప్పుడుగానీ జబ్బు ఎక్కడుందో చెప్పడు.

షెడ్డులో కింద పరిచినవి నాపబండలు. ట్రాక్టరు స్టార్ట్ అయితే బండలన్నీ అదురుతాయి. ఆయన కాళ్లకు అది నలభై ఏళ్లుగా తెలుసు.

పుల్లను డ్రమ్ము పక్కన పెట్టి, ఆయన బయటికి వచ్చి కూర్చున్నాడు.

నిద్రమందు తాగించిన కాసేపటికి సైమా తల్లి భుజం మీదే నిద్రపోయింది. మంచం మీద పడుకోబెట్టారు. అపర్ణ దాని నుదుటినీ చెవుల వెనకనూ తుడిచి, చిన్న చిన్న వైర్లు అంటించింది. రెండు చెవుల్లోనూ మెత్తటి బిరడాలు పెట్టింది. వాటికి గొట్టాలున్నాయి. మహమూదా మంచం పక్కన కూర్చుని పిల్ల పాదం పట్టుకుంది. నేను కూడా ఉంటానమ్మా అని ఉస్మాన్ అడిగాడు. అపర్ణ తన పక్కన స్టూలు వేసింది.

"చెవిలోకి టిక్ టిక్‌మని శబ్దం పంపిస్తాను," అంది, ఆయన చెవి దగ్గరికి వంగి. "ఆ శబ్దం చెవి నుంచి మెదడుకు పోయేటప్పుడు కొద్దిగా కరెంటు పుడుతుంది. అది ఈ కంప్యూటరు తెర మీద అలలా కనిపిస్తుంది. పిల్ల కదిలితే కండరాల కరెంటు కలిసిపోయి మనకేమీ తెలియదు. అందుకే నిద్ర."

వినపడే పిల్లలకు గీత ఎలా వస్తుందో ముందు ఒకటి చూపించింది. గీత మధ్యలో వరసగా గుట్టలు లేచి ఉన్నాయి. శబ్దం తగ్గించే కొద్దీ అవి చిన్నవవుతాయని, చివర్లో ఒక్క గుట్ట మిగులుతుందని చెప్పింది. తర్వాత సైమాది మొదలుపెట్టింది.

తెర మీద గీత వచ్చింది. సన్నగా వణుకుతోంది. గుట్ట లేదు. అపర్ణ శబ్దం పెంచింది. గీత అలాగే ఉంది. ఇంకా పెంచింది. ఉస్మాన్ గీతనే చూస్తున్నాడు. ఎక్కడైనా కొంచెం లేస్తే, ఇదిగో అని మనసులో అనుకునేవాడు. మరుక్షణం అది పడిపోయేది. అదే శబ్దంతో మళ్లీ చేస్తే అక్కడ లేచేది కాదు. నిజమైన గుట్ట అయితే మళ్లీ మళ్లీ అదే చోట లేస్తుందని అపర్ణ చెప్పింది.

"వైరు ఊడిందేమో చూడమ్మా," అన్నాడు.

ఆమె అన్ని వైర్లూ చూసి, తెర మీది అంకెలు చూపించి, అన్నీ సరిగా ఉన్నాయంది. తర్వాత ఏమనుకుందో పిల్ల కుడిచెవిలోని బిరడా తీసి, కొత్తది మార్చి, "శబ్దం వస్తుందో లేదో మీరే చూడండి," అని ఆయన చెవిలో పెట్టింది.

ఉస్మాన్ స్టూలు మీదే వెనక్కి జరిగాడు. చెవిలో సుత్తి పెట్టి కొడుతున్నట్టుంది. మాచర్లలో మైకు పెట్టి పిలిచినా పలకడని పేరున్న మనిషి చెయ్యి అడ్డం పెట్టి తియ్యమన్నాడు.

ఆ శబ్దమే అప్పటిదాకా పిల్ల చెవిలో పడుతోంది. అది నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పాదం కూడా కదలడం లేదు.

అపర్ణ బిరడా మార్చి మళ్లీ పిల్లకు పెట్టి ఎడమచెవి మొదలుపెట్టింది. గదిలో చప్పుడు లేదు. ఆమె వేలు ఒక మీట మీద మాటిమాటికీ పడుతోంది. సైమా పుట్టిన రోజు ఉస్మాన్‌కు గుర్తొచ్చింది. ఆస్పత్రిలో గుడ్డలో చుట్టి చేతికిచ్చారు. కుడిచెవి దగ్గర నోరు పెట్టి బాంగు, అంటే నమాజు పిలుపు, చెప్పింది ఆయనే. అల్లాహు అక్బర్ అనగానే పిల్ల మొహం ఆయన వైపు తిప్పింది. విన్నది, విన్నది అని పక్కవాళ్లు అన్నారు. ఈ లోకంలో అది మొదట విన్న మాట తన నోటి నుంచి వచ్చిందని ఆయన ఇన్నాళ్లూ అనుకుంటున్నాడు.

ఎడమచెవి గీత కూడా అలాగే వచ్చింది.

పరీక్ష అయ్యాక అపర్ణ వాళ్లిద్దరినీ తన బల్ల ముందు కూర్చోబెట్టింది. పిల్ల లోపల ఇంకా నిద్రలోనే ఉంది.

"రెండు చెవులకీ వినికిడి లోపం ఉంది. బాగా ఎక్కువ," అంది. "మందులతో పోయేది కాదు. చెవి లోపల శబ్దాన్ని పట్టే భాగం పనిచెయ్యడం లేదు. మీది దగ్గర సంబంధమా?"

"మా కోడలు మా అక్క కూతురే," అన్నాడు ఉస్మాన్. "నేనే తెచ్చుకున్నా."

"అది ఒక కారణం కావచ్చు. కాకపోనూ వచ్చు. దగ్గర సంబంధం లేనివాళ్లకీ వస్తుంది. ఇప్పుడు చెయ్యాల్సింది చూద్దాం."

చెవుల కొలత తీసుకుని, చెవిలో ఇమిడే అచ్చులు చేయిస్తానంది. వాటికి వినికిడి మిషన్లు తగిలించి పెట్టాలి. దాంతోపాటు వారం వారం మాటలు నేర్పించే తరగతికి రావాలి. కొన్ని నెలలు చూసి, మిషన్లతో లాభం లేదనుకుంటే ఆపరేషన్ గురించి గుంటూరులో డాక్టర్లు చెబుతారు.

"పోయినేడు వచ్చుంటే?" అన్నాడు ఉస్మాన్.

మహమూదా మామగారి వైపు చూడలేదు. బల్ల మీది పెన్నుల డబ్బా వైపు చూస్తూ కూర్చుంది.

"ఎంత ముందొస్తే అంత మంచిది," అంది అపర్ణ. "ఇప్పుడైనా వచ్చారు. ఇంకా ఆలస్యం చెయ్యొద్దు."

"పుట్టినప్పుడు వినపడి, తర్వాత పోయిందా అమ్మా?"

"చెప్పలేం తాతగారూ. పుట్టుకతోనే అయి ఉండొచ్చు."

ఉస్మాన్ తల ఊపాడు.

"ఒక మాట," అంది అపర్ణ. "మిషన్లు పెట్టగానే పిల్ల పీకేస్తుంది. మళ్లీ పెట్టాలి. మళ్లీ పీకేస్తుంది. మళ్లీ పెట్టాలి. నిద్రలో తప్ప రోజంతా ఉండాలి. ఇంట్లో ఒక్కరు, దీనికి వినపడుద్దిలే, పాపం తీసెయ్యండి అన్నా ఇక పని జరగదు. అట్లా వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు."

ఆమె అది ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. చెప్పింది ఎవరికో ఉస్మాన్‌కు తెలుసు.

మహమూదా అప్పుడు నోరు తెరిచింది. "ఇప్పుడు లేపొచ్చా మేడం?"

"లేపొద్దు. తనే లేస్తుంది. అప్పుడు చెవుల కొలత తీసుకుంటా. మీరు కూడా కాసేపు పడుకోండి."

"నాకు పట్టదు," అంది మహమూదా.

తిరుగు బస్సు మధ్యాహ్నం ఎండలో బయల్దేరింది. సైమా మందు మత్తు వదలక తల్లి ఒళ్లో కూర్చుని ముందు సీటు కడ్డీ పట్టుకుంది. ఇప్పుడు నిద్రపోయినా ఎవరికీ అభ్యంతరం లేదు. అది నిద్రపోలేదు. గురజాల దగ్గర ఫయాజ్ ఫోను చేశాడు. మహమూదా పేరు చూసి, ఫోను మామగారి చేతికిచ్చింది.

"మీరు చెప్పండి మామా."

ఉస్మాన్ ఫోను చెవికి ఆనించుకున్నాడు. అవతల లారీ చప్పుడులో కొడుకు ఏమంటున్నాడో వినపడలేదు. ఏమడుగుతున్నాడో తెలుసు.

"అయిందిరా. పడుకుంది. బాగా పడుకుంది," అన్నాడు. "బస్సులో ఉన్నాం. ఇంటికి పోయినాక మాట్లాడతా."

ఫోను తిరిగి ఇచ్చాడు. మహమూదా దాన్ని సంచిలో పెట్టుకుంది. ఆమె ఏమైనా అంటుందని చూశాడు. ఆమె పిల్ల గౌను సర్ది, బయటికి చూసింది. పొలాల్లో మిరప కోతలు జరుగుతున్నాయి.

మాచర్ల ఊళ్లోకి పోకముందే, రాళ్ల ఫ్యాక్టరీల దగ్గర దిగారు. షెడ్డు మీదుగా పోతే ఇల్లు దగ్గర. షెడ్డులో పుల్లారావు ట్రాక్టరు పెట్టుకుని కూర్చున్నాడు. వీళ్లను చూసి లేచాడు.

"ఏం మామా, మేడంకి చెప్పావా? ఏమంది?"

మహమూదా పిల్లను కింద దింపింది. చేతులు లాగేస్తున్నాయి కాబోలు, రెండు భుజాలూ నొక్కుకుంది.

"ఉండు, ఉండు," అంటూ పుల్లారావు ట్రాక్టరెక్కి స్టార్ట్ చేశాడు.

అవతలికి తిరిగి నడుస్తున్న సైమా ఆగింది. వెనక్కి తిరిగింది. నడిచి వచ్చి ట్రాక్టరు మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టింది. పొద్దున్నుంచి మొదటిసారి దాని మొహం విప్పారింది.

"ఇదిగో," అని అరిచాడు పుల్లారావు, ఇంజను చప్పుడుకు పైన. "ఎవురన్నారంట చెవుడని? ఆ పరీక్షలన్నీ పిల్లల్ని సతాయించటానికి మామా. నువ్వు కిందటేడే తేల్చేశావ్ గదా."

ఉస్మాన్ ట్రాక్టరు దగ్గరికి పోయాడు. చెయ్యి చాపి ఇంజను ఆపే మీట లాగాడు. ఇంజను రెండుసార్లు కొట్టుకుని ఆగింది.

"దానికి వినపడదు పుల్లారావా," అన్నాడు.

"ఏందీ?"

"వినపడదు. రెండు చెవులూ. నేను చూశా." ఆయన షెడ్డు నేల వైపు చూపించాడు. "బండ అదిరితే తిరుగుద్ది. చేత్తో తెలుసుకుంటది. నేను కిందటేడు తేల్చింది తప్పు. ఈ పిల్ల చెప్పిందే నిజం." కోడలి వైపు చెయ్యి చూపించాడు. ఇన్నాళ్లలో ఆమె తరఫున ఆయన ఒక్క మాట మాట్లాడింది లేదు. "చెవుల్లో మిషన్లు పెడతారు. షెడ్డుకొచ్చినా సరే, అయ్యి ఉండాల్సిందే. నువ్వు గానీ ఇంకెవురైనా గానీ, వినపడుద్దిలే అని దాని ముందు అన్నారంటే ఊరుకోను."

పుల్లారావు సీట్లోనే కూర్చుని ఉన్నాడు. దిగాలో వద్దో తెలియనట్టుంది. "నాకేం తెలుసు మామా," అన్నాడు. "నువ్వు స్టార్ట్ చెయ్యమంటే చేశా."

"అవును. నేనే చెయ్యమన్నా."

మహమూదా గోడవారనున్న పాత టైరు మీద కూర్చుంది. ఏడుస్తుందేమోనని ఉస్మాన్ చూశాడు. ఏడవలేదు. చెప్పులు విప్పి కాళ్లు చాపుకుంది.

సైమా మడ్‌గార్డు మీంచి చెయ్యి తీసి అరచెయ్యి చూసుకుంది. మళ్లీ పెట్టింది. ఏమీ లేదు. రేకును రెండుసార్లు తట్టి తాత మొహంలోకి చూసింది.

"స్టార్ట్ చెయ్యి," అన్నాడు ఉస్మాన్.

"మళ్లీనా?"

"అడుగుతంది గదా. చెయ్యి."

పుల్లారావు స్టార్ట్ చేశాడు. షెడ్డు రేకులన్నీ మోగాయి. సైమా రెండు చేతులూ మడ్‌గార్డు మీద ఆనించింది. ఉస్మాన్ ఫోను తీసి కొడుకు నంబరు నొక్కి, ఇంజను చప్పుడు లేనిచోటు కోసం రోడ్డు మీదికి నడిచాడు. పోతూ ఒకసారి వెనక్కి చూశాడు. ఆ చప్పుడులోనే, టైరు మీద కూర్చున్నది కూర్చున్నట్టే, గోడకు తల ఆనించి మహమూదా నిద్రపోయింది.